చల్లగా ఉందన్న మాట

ఫోను ఇంకా మోగలేదు. అవతల తెల్లవారడానికే ఇంకా టైముంది, ఆ దేశంలో సూర్యుడు ఇక్కడికంటే ఆలస్యంగా లేస్తాడు. ఆ సంగతి తెలిసి కూడా అతను మొహం కడుక్కున్నవాడు కడుక్కున్నట్టే యార్డుకు వచ్చేసి, ఈ రోజు చూపించాల్సిన తెల్ల బస్సు ఎక్కి కూర్చున్నాడు. డ్రైవరు సీట్లో కాదు. ఆ సీట్లో కూర్చునే మొహం ఈ పొద్దున అతనికి లేదు. మధ్యలో ఎక్కడో కిటికీ పక్కన, దిగాల్సిన చోటు దాటిపోయిందని తెలిసీ కండక్టరుకు చెప్పడానికి సిగ్గుపడే ప్రయాణికుడిలా ఒదిగి కూర్చున్నాడు. ముందు సీటు వీపు మీద ఎవరో మేకుతో గీకిన బొమ్మ, ఒక పువ్వు, పువ్వు పక్కన ఒక కన్ను, గీసినవాడికి రెండో కన్ను గీసేలోపల స్టాపు వచ్చేసినట్టుంది. రెగ్జిను వాసన, పాత డీజిలు వాసన, ఇన్నేళ్లూ ఎందరివో తలలు ఆనిన చోట అద్దం మీద మిగిలిపోయిన నూనె మరక. దాన్ని నిన్న భార్య ఎంత తుడిచినా పోలేదు. పోకపోతే పోనీ, అది కూడా చూపిద్దాం, అన్నాడు తను. అవును మరి, అన్నీ చూపిస్తాడు తను. మరక చూపిస్తాడు, చిరుగు చూపిస్తాడు, తుప్పు చూపిస్తాడు. ఊరికే అన్నారా తుప్పాయన అని.

ఆ పేరు పెట్టింది పక్క యార్డువాడు. పాత బస్సులమ్మే ఈ వీధి పొడవునా అందరూ బస్సుకు సింగారం చేసే నిలబెడతారు, తుప్పు మీద రంగు, చిరుగు మీద కొత్త కవరు, టైర్లకు నల్లటి పాలిషు. సముద్రం అవతల కొనేవాడు ముట్టుకుని చూడలేడు, వాసన చూడలేడు, ఫోనులో కనిపించినంత మేరే అతని లోకం, కాబట్టి కంటికి నచ్చింది చూపిస్తే చాలని వాళ్ల లెక్క. తను మాత్రం తుప్పుతోనే మొదలుపెట్టేవాడు. ఫుట్‌బోర్డు కిందికి వంగి, ఇదిగో ఇక్కడ తినేసింది, వేలు పెడితే దూరుతుంది చూడండి, అని వేలు పెట్టి మరీ చూపించేవాడు. వాడు బస్సులమ్మడయ్యా, తుప్పమ్ముతాడు, అని పక్క యార్డువాడు వీధి వీధంతా నవ్వించాడు. నవ్వినవాడి బస్సులు ఎండలో నిలబడి ఉండగానే తుప్పాయన బస్సులు ఓడలెక్కిపోయాయి. చిన్న లోపం మనంతట మనం చెబితే పెద్ద సంగతిలో మన మాటకు ఎదురుండదు. ఆ కిటుకు ఎవరూ నేర్పలేదు. అసలు మొదట్లో అది కిటుకే కాదు, దాచడం చేతకాక చెప్పేసేవాడు, అంతే. ఆ చేతకానితనం ఎప్పుడు తెలివిగా మారిందో, ఏ బస్సు దగ్గర మారిందో, ఇప్పుడు కూర్చుని వెతుక్కుంటే దొరకడం లేదు.

ఇంజను దగ్గర ఇంకో పద్ధతి. వెనక తలుపు పైకెత్తి, స్టార్టు చేయకముందే ఇంజను మీద అరచెయ్యి ఆనించి, చల్లగా ఉంది, అనేవాడు. రాత్రంతా పడుకున్న ఇంజను బటను నొక్కగానే లేచిందంటే లోపల ఒళ్లు బాగున్నట్టు. ముందే కాసేపు నడిపి వేడెక్కించి పెడితే ముసలి ఇంజను కూడా కుర్రదానిలా లేస్తుంది, రోగం బయటపడదు. అందుకే ఆ చెయ్యి. చెయ్యి పెట్టి, చల్లగా ఉందని చెప్పి, పక్కనే ఉండే స్టార్టు బటను నొక్కితే, ఇక అవతలివాళ్లకు అడగడానికి ఏమీ మిగలదు. ఫోను పట్టుకునేది ఎప్పుడూ భార్యే, ఆవిడ చెయ్యి రాయిలా కదలకుండా ఉంటుంది. అవతలాయనతో, అంటే సముద్రం అవతల కొండల ఊళ్లో బస్సులు తిప్పుకునే ఆయనతో, మాట్లాడేది ఇద్దరిదీ కాని ఒక మూడో భాషలో, ఇద్దరికీ అది అరకొరే. ఐనా చెయ్యి ఆనించినప్పుడు మాత్రం నోట్లోంచి ఇంటి మాటే వచ్చేది. కొన్ని బస్సులయ్యాక అవతలాయనే ముందుగా, నాలుక తిరగక తిరగక, చల్లాగా? అని అడగడం మొదలుపెట్టాడు. చల్లగా, అనేవాడు తను. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. తన భాషలో అతనికి వచ్చింది ఆ ఒక్క మాటే. ఆ ఒక్క మాట మీదే ఇన్ని బస్సులు కొన్నాడు పిచ్చి మహానుభావుడు.

కిటికీ బయట ఇంజన్లు చూసే మేస్త్రి సైకిలు స్టాండు వేస్తున్న చప్పుడు. మేస్త్రిని ఈ బస్సు ముట్టుకోవద్దని నిన్ననే చెప్పాడు. తాళం జేబులోనే ఉంది, తడిమి చూసుకున్నాడు, రాత్రి తలగడ కింద పెట్టుకుని పడుకున్నాడు. ఈ ఇంజను నిజంగానే చల్లగా ఉంది, ఎవరు వచ్చి ముట్టుకున్నా చల్లగానే ఉంటుంది. ఎవరి కోసం ఈ కాపలా. దొంగతనం జరిగిపోయిన ఇంటికి ఇప్పుడు తాళాలు మార్చుకుంటున్నట్టుంది వ్యవహారం.

అమ్మ ఉన్న రోజుల్లో పొద్దున్నే యార్డుకు వచ్చి ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చునేది. ఇంట్లో కూర్చుంటే గోడలు తప్ప మాట్లాడేవాళ్లు లేరురా, అనేది, ఇక్కడికొచ్చి మేస్త్రితో పోట్లాట పెట్టుకునేది. ఒక రోజు ఫోను ఆవిడ వైపు తిప్పితే, తెరలో మొహం చూసి, చెయ్యెత్తి, చల్లగా ఉండు నాయనా, అంది. అవతలాయన తెల్లబోయాడు. అన్నా, అమ్మ ఏ ఇంజను గురించి చెబుతోంది? అన్నాడు. యార్డంతా పడీపడీ నవ్వింది, అర్థం చెప్పాక అమ్మ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. పెద్దవాళ్లు అలా దీవిస్తారు, ఒంట్లోనూ ఇంట్లోనూ ఏ మంటా లేకుండా బతకమని, అని తను మూడో భాషలో కూడబలుక్కుని చెప్పాడు. అవతలాయన నవ్వలేదు. తల వంచాడు, ఫోను నిండా అతని నడినెత్తి, పలచబడుతున్న జుట్టు. ఆ తరువాత ఏ బస్సు చూడాలన్నా ముందు అమ్మ, అనేవాడు, అమ్మ అరచెయ్యి చూపించేది, అతను తల వంచేవాడు, అప్పుడు గాని వెనక తలుపు ఎత్తనిచ్చేవాడు కాదు. అమ్మ పోయినప్పుడు ఫోను చేశాడు. మూడో భాషలో చావు మాటలు ఇద్దరికీ రావు. అవతలాయన చాలాసేపు ఊపిరి తీస్తూ ఉండి, చివరికి, చల్లాగా అన్నా, చల్లాగా, అన్నాడు. ఇంటినిండా వచ్చినవాళ్లు ఎన్ని మాటలు చెప్పినా రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది.

ఆ తరువాతే నీలం బస్సు. అమ్మ పోకముందు ఐతే ఎంత బాగుండేది, ఐనా అబద్ధానికి కూడా మంచి ముహూర్తం వెతుకుతున్నాడేమిటి. నీలం బస్సు చూడ్డానికి బాగుండేది, పెద్ద పెద్ద కిటికీలు, ఫొటో చూసి అవతలాయన తమ్ముడు మనసు పారేసుకున్నాడు. తమ్ముడే నడుపుతాడట, సొంతంగా వాడు తిప్పుకునే మొదటి బస్సట. పొద్దున పూట మాత్రం అది లేచేది కాదు. దగ్గి, తెల్లటి పొగ కక్కి, బతిమాలగా బతిమాలగా లేచేది, ఒకసారి వేడెక్కితే ఇక ఏ పేచీ లేదు. ఇంజను విప్పాలి, విప్పితే చాలా రోజుల పని, అన్నాడు మేస్త్రి. ఓడలో చోటు అప్పటికే చెప్పేసి ఉంది, అది తప్పితే మళ్లీ ఎప్పుడో. చెప్పేయవచ్చు. ఆలస్యమవుతుంది అని ఒక్క ముక్క చెబితే అవతలాయన ఆగేవాడు, ఆగేవాడని తనకు తెలుసు, అదే కదా, తెలిసి కూడా. ఆ పొద్దున ఎవరూ రాకముందే వచ్చి ఇంజను నడిపాడు. నడిపి ఆపేసి, వీడియో వేళకు చల్లారుతుందిలే, మరీ చల్లగా కాకపోయినా గోరువెచ్చగా ఉంటుంది, గోరువెచ్చన అంటే చల్లగా కిందికే వస్తుంది, అని తనకు తనే సర్ది చెప్పుకున్నాడు. కానీ తమ్ముడు నిద్రపట్టక అన్నను లేపాడట, అవతలాయన అనుకున్న వేళకంటే ముందే ఫోను చేశాడు.

తుప్పు చూపించాడు. ఏ బస్సుకూ చూపించనంత శ్రద్ధగా చూపించాడు. ఎవరూ అడగని ఒక చిన్న సొట్టను కూడా వెతికి మరీ చూపించాడు, ఇన్నాళ్లూ చెప్పిన నిజాలన్నీ ఈ ఒక్క అబద్ధానికి బాట వేయడానికే చెప్పినట్టు. వెనక తలుపు ఎత్తితే మొహానికి సెగ కొట్టింది. ఫోనులో సెగ కనిపించదు. చల్లాగా? అన్నాడు అవతలాయన. తను అరచెయ్యి ఆనించి, చల్లగా ఉంది, అన్నాడు. అక్కడితో చెయ్యి తీసేస్తే సరిపోయేది. కానీ అవతలాయన మాట కలిపాడు, అన్నా, ఇలా నువ్వు చెయ్యి పెట్టినప్పుడల్లా నాకు అమ్మ చెయ్యి గుర్తొస్తుంది, ఆ రోజు ఆవిడ... అని ఏదో చెబుతూనే ఉన్నాడు. మనిషి మన అమ్మ గురించి మాట్లాడుతుంటే చెయ్యెలా లాక్కుంటాం, లాక్కుంటే ఎందుకు లాక్కున్నట్టు. కాలుతోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మ కోసమనుకుని అవతలాయన గొంతు కూడా బొంగురుపోయింది. తేలు కుట్టిన దొంగకు ఎలా ఉంటుందో ఆ పొద్దున తెలిసింది. భార్య చేతిలో ఫోను వణికింది. అక్కడ గాలి వీస్తోందా, అని అడిగాడు అవతలాయన. అవునండీ, గాలి, అంది ఆవిడ. తను బటను నొక్కాడు, నీలం బస్సు కుర్రదానిలా లేచింది.

ఆ మధ్యాహ్నం భార్య మందు గొట్టం తెచ్చి, ఏమీ అడక్కుండా, అరచెయ్యి తన ఒళ్లో పెట్టుకుని రాసింది. ఏం కాలింది అని అడిగితే చెప్పడానికి అతని దగ్గర ఒక జవాబు తయారుగా ఉంది, దాని అవసరమే రాలేదు. బొబ్బ ఎండింది, చర్మం ఊడింది, కింద లేత రంగు మచ్చ మిగిలింది, చిన్న రేకులా ఉంటుంది, గుప్పిట మూస్తే కనిపించదు. అప్పటినుంచి ఎవరితో మాట్లాడుతున్నా గుప్పిట మూసుకోవడం అలవాటైంది. పక్క యార్డువాడు, ఏమయ్యా తుప్పాయనా, చేతిలో ఏం దాచావు, అని నవ్వుతూ అడిగితే ఆ పూట అన్నం సహించలేదు. అవతల నుంచి ఫొటోలు వచ్చాయి. నీలం బస్సు స్టీరింగు పట్టుకుని తమ్ముడు, పళ్లన్నీ బయటపెట్టి. తరువాత కొన్నాళ్లు ఏమీ రాలేదు. ఏమీ రాకపోతే బాగున్నట్టే అనుకున్నాడు. ఇంజనుకు చోటు మారితే రోగం కుదురుతుందేమో అని కూడా అనుకున్నాడు, మేస్త్రి వింటే కడుపుబ్బ నవ్వేవాడు.

నిన్న సాయంత్రం అవతలాయన గొంతు వచ్చింది, పొడుగాటి మెసేజీ. ఇప్పటికి ఎన్నిసార్లు విన్నాడో, ఫోను ఆపి ఉన్నా చెవిలో అదే నడుస్తోంది. అన్నా, నీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది. నీ నీలం బస్సును మావాడు పాడుచేశాడు. ఇక్కడ పొద్దున చలి, స్టార్టు కాదు. వాడు వాలులో నిలబెట్టి, టైరు కింద రాయి పెట్టి, పొద్దున్నే జనం చేత తోయించి నడుపుతున్నాడు. రాత్రుళ్లు ఇంజను ఆపకుండా వదిలేస్తున్నాడు. మొదటి పొద్దు నుంచీ ఇలాగే ఉందన్నా, నేనేమీ చేయలేదు, అంటాడు. నేను ఆ రోజు రికార్డు చేసుకున్న నీ వీడియో తీసి వాడి మొహం ముందు పెట్టాను. ఇదిగో చెయ్యి, ఇదిగో చల్లాగా, ఇదిగో ఒక్క నొక్కుకు లేచింది, ఈ చెయ్యి అబద్ధం చెబుతోందా, నువ్వా, అని అడిగాను. వాడు ఏడ్చాడు గాని ఒప్పుకోలేదు. వాణ్ణి బస్సు మీంచి దించేశాను. బజారులో మూటలు మోస్తున్నాడు, ఇంటికి అన్నానికి రావడం లేదు. నువ్వు అంత బాగా ఇచ్చిన బండిని మేము నిలబెట్టుకోలేకపోయాం, మనసులో పెట్టుకోకు. రేపు తెల్ల బస్సు చూపించేటప్పుడు వాణ్ణి పక్కన కూర్చోబెడతాను, నువ్వు చెయ్యి ఎలా పెడతావో చూస్తే బుద్ధి వస్తుంది. మా వీధిలో ఇంకొందరు కూడా నీ బస్సులే కావాలంటున్నారు, వీడియో కూడా అక్కర్లేదట, నీ మాట చాలట.

మనసులో పెట్టుకోకు అంటున్నాడు. ఎవరు ఎవరితో అనాల్సిన మాట. రాత్రి నుంచీ అతను తనతో తనే బేరమాడుతున్నాడు. ఇంజను బాగుచేయించడానికి మేస్త్రిని పంపిస్తాను, ఖర్చు నాదే అంటాను, పాత బళ్లకు ఇలాంటివి మామూలే అంటాను. అప్పుడు అవతలాయన ఏమంటాడు, మావాడు చేసిన తప్పుకు నువ్వు కట్టుకుంటావా అన్నా, అంటాడు, ఇంకా నెత్తిన పెట్టుకుంటాడు, తమ్ముడు ఇంకా కిందికి పోతాడు. ఎటు తిప్పినా మంచితనమంతా వచ్చి తన ఖాతాలోనే పడుతోంది. చెప్పేస్తే? ఒక్క అవతలాయనతో పోదు. ఆ వీధి, ఆ ఊరు, ఆ రేవంతా పోతుంది, అతని మాట మీద వచ్చినవాళ్లే అందరూ. ఈ యార్డు, మేస్త్రి, అద్దె, ఇన్నేళ్లుగా వేలు పెట్టి చూపించిన తుప్పంతా. పేరు కూడా మారుతుంది, తుప్పాయన అంటే అప్పుడు వేరే అర్థం. మరి ఆ పిల్లాడు, పిల్లాడేమిటి, మీసాలున్న మనిషే, ఎప్పుడూ చూడని మనిషి, ఒక్క ఫొటోలో పళ్లు తప్ప. ఆ తమ్ముడు నిజం చెబుతున్నాడని ప్రపంచంలో తెలిసినవాడు ఒక్కడే, సముద్రం ఇవతల, తెల్ల బస్సులో, గుప్పిట మూసుకుని కూర్చుని ఉన్నాడు. ఆ తమ్ముడి గురించి అనుకున్నప్పుడల్లా వాలులో ఆగిన నీలం బస్సు, టైరు కింద రాయి, చలిలో తోస్తున్న జనం, లోపల స్టీరింగు పట్టుకుని సిగ్గుతో తల దించుకున్న మనిషి కనబడతారు. ఆ సిగ్గు వాడిది కాదు. తనది. ఓడెక్కించి పంపించాడు.

భార్య బస్సెక్కింది. చేతిలో ఫోను, ఛార్జింగు తీగ ఇంకా దానికే వేలాడుతోంది. అతని పక్క సీట్లో కూర్చుని అద్దం మీద మరక వైపు చూసింది.

"రాత్రంతా అదే వింటున్నారు," అంది. "గోడకు తిరిగి పడుకుంటే నాకు వినబడదనుకున్నారా."

అతను ముందు సీటు మీది ఒంటికన్ను బొమ్మ వైపు చూశాడు.

"ఆ రోజు గాలి వీస్తోందన్నాను నేను. గాలి ఎక్కడుందండీ, ఆకు కదల్లేదు." చీర కొంగుతో ఫోను తెర తుడిచింది, శుభ్రంగానే ఉంది, ఐనా తుడిచింది. "మీకు చేతి మీద మచ్చ ఉంది. నాకు అదీ లేదు."

ఆవిడ మూసి ఉన్న అతని గుప్పిట మీద చెయ్యి వేసింది, విప్పమని అడగలేదు. ఇద్దరూ ఒకే బస్సులో ఒకే సీటులో ఎక్కడికో పోతున్నవాళ్లలా కూర్చున్నారు. ఇలా ఇద్దరూ కలిసి బస్సులో కూర్చుని ఎన్నేళ్లయిందో, ఇన్ని బస్సులు అమ్మారు గాని ఎప్పుడు ఎక్కారు. అప్పుడు ఫోను మోగింది.

తుప్పు చూపించాడు, సీట్ల చిరుగులు చూపించాడు, మరక చూపించాడు. నోరు తన పని తను చేసుకుపోయింది. తెరలో అవతలాయన, కొత్తగా నెరిసిన చెంపలు, పక్కన సగం మాత్రమే కనబడుతూ ఇంకో భుజం, ఆ భుజం మీద మూటలు మోసిన దుమ్ము. చూడరా, సరిగ్గా చూడు, అని అవతలాయన వాళ్ల భాషలో అన్నట్టున్నాడు, భుజం కొంచెం ముందుకు జరిగింది, మొహం వచ్చింది. ఫొటోలో ఉన్న మొహమే, పళ్లు మాత్రం కనబడలేదు. వెనక తలుపు ఎత్తాడు. సెగ లేదు. ఇనుము, గ్రీజు, రాత్రి మంచు తడి. అరచెయ్యి ఆనించాడు, ఎంత చల్లగా ఉందంటే మచ్చ ఉన్న చోట హాయిగా అనిపించింది, ఆ హాయికి ఒళ్లు జలదరించింది.

"చల్లాగా?" అన్నాడు అవతలాయన.

నిజమే చెప్పాలి. నిజమే, చల్లగానే ఉంది, నోరు తెరిచి ఆ మాట అంటే అబద్ధం కాదు. కానీ ఆ రోజు అన్నదీ ఇదే మాట, ఇదే గొంతు, అవతల వినేవాడికి ఏది ఏదో ఎలా తెలుస్తుంది. తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు.

"అన్నా? నెట్టు ఆగిందా?"

అతను చెయ్యి తీశాడు. గుప్పిట మూసుకోబోయి, మూసుకోకుండా, అరచెయ్యి విప్పి ఫోనుకు దగ్గరగా పెట్టాడు. మచ్చ కనబడేలా. చూడు, చెప్పలేను, చూడు. అవతలాయన కళ్లు పెద్దవయ్యాయి, తరువాత తడిశాయి. తల వంచాడు. నడినెత్తి, జుట్టు మునుపటికంటే పలచబడింది. అమ్మ, అన్నాడు. అని, పక్కన బిగుసుకుపోయిన తమ్ముడి మెడ మీద చెయ్యి వేసి వాడి తల కూడా వంచాడు. తెర నిండా రెండు తలలు, అతని కాలిన చెయ్యి కింద, దీవెన కోసం.

"ఏవండీ," అంది భార్య, ఫోను వెనక నుంచి, చాలా నెమ్మదిగా. "చేతితో కాదు."

చెయ్యి దించాడు. మూడో భాషలో మాట కోసం వెతికితే ఒక్కటీ దొరకలేదు, ఇంటి మాటే వచ్చింది.

"వేడి," అన్నాడు.

రెండు తలలూ లేచాయి. "వేడీ?" అన్నాడు అవతలాయన, మొహం వెలిగింది. ఇన్నేళ్లకు రెండో మాట. నాలుక మీద తిప్పి చూసుకున్నాడు, వేడీ, వేడీ, అని తమ్ముడి భుజం తట్టి వాడి చేత కూడా అనిపించాడు. తమ్ముడు తెరలోకి సూటిగా చూస్తూ, ఏ తడబాటూ లేకుండా, వేడి, అన్నాడు.

"అంటే ఏంటన్నా?" అన్నాడు అవతలాయన నవ్వుతూ. "ఇదీ దీవెనేనా?"

"కాదు," అన్నాడు అతను. తమ్ముడి వైపే చూస్తూ, తనకు వచ్చిన అరకొర మాటలన్నీ ఒకచోటికి తెచ్చుకున్నాడు. "ఆ రోజు నీలం బస్సు ఇంజను. వేడి అంటే, మీ తమ్ముడు చెప్పిందే నిజమని."